కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుంది

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో సోషల్ యాక్షన్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇందాకటి నుంచి పొదుపు లెక్క విన్నాం, బ్యాంకు లింకేజీ లెక్క విన్నాం, స్త్రీనిధి బకాయిల లెక్క విన్నాం. మాకిచ్చిన సమయంలో లెక్కల పుస్తకంలో ఎక్కడా రాయని ఒక సంగతి చెప్పాలని వచ్చాం. అది మనసుకి తగిలిన దెబ్బ సంగతి. ఆ దెబ్బ మానడానికి ఒక మనిషి కౌన్సెలర్ దగ్గర ఒంటరిగా కూర్చుంటే ఆ గదిలో ఏం జరుగుతుందన్న సంగతి.

కౌన్సెలింగ్ అనగానే మన ఊళ్లలో రెండే గుర్తొస్తాయి. ఒకటి, పిల్లలకి ఇంజనీరింగ్ సీట్లిచ్చే కౌన్సెలింగ్. రెండోది, మొగుడూ పెళ్లాల గొడవ స్టేషన్ దాకా పోతే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "సర్దుకుపోండమ్మా" అని చెప్పి పంపించే కౌన్సెలింగ్. మేం చెప్పబోయేది ఈ రెండూ కాదు. ఇందులో రెండో పక్షం ఉండదు, రాజీ ఉండదు, తీర్పు ఉండదు. ఒక మనిషి, వినడం నేర్చుకున్న ఇంకో మనిషి, మూసిన తలుపు, ముప్పావుగంట సమయం. అంతే ఉంటుంది.

మా కమిటీలో ఏడుగురం. అందరం పదో తరగతీ ఆలోపు చదివినవాళ్లమే. ఈ ఏడాది మూడు రోజులపాటు ఒక కౌన్సెలర్ మేడమ్ దగ్గర శిక్షణ తీసుకున్నాం. తన పేరు చెప్పొద్దన్నారు, చెప్పం. మేం కౌన్సెలర్లం అయిపోవడానికి ఆ శిక్షణ కాదు. మన సభ్యురాలికి కష్టమొచ్చినప్పుడు ఎక్కడికి పంపాలి, ఎప్పుడు పంపాలి, పంపేదాకా మనం ఏం అనాలి, ఏం అనకూడదు, ఇవి తెలుసుకోడానికి.

ఇది మన సమాఖ్య పనేనా అని కొందరు అడిగారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో నూటికి 10.6 మంది ఏదో ఒక మానసిక ఇబ్బందిలో ఉన్నారని తేలింది. వాళ్లలో ఎక్కువ మందికి వైద్యం అందడం లేదనీ తేలింది. మన సంఘానికి పది మంది ఉంటారు. అంటే సుమారుగా సంఘానికి ఒకరు. అది ముందుగా ఎక్కడ బయటపడుతుందో మనకి తెలుసు. వారం వారం మీటింగుకి వచ్చే మనిషి రావడం మానేస్తుంది. కిస్తీ ఆగుతుంది. పుస్తకాలు చక్కగా రాసే అమ్మాయి లెక్క తప్పుతుంది. మనం వసూలు కమిటీని పంపుతాం. ఆ ఇంటి గడప తొక్కేది మనమే కాబట్టి, ఆ గడప దగ్గర ఏం మాట్లాడాలో కూడా మనమే తెలుసుకోవాలి.

ఒక సభ్యురాలి సంగతి చెబుతాం. ఆమెనడిగి, ఏం చెప్పొచ్చో ఏం చెప్పకూడదో ఆమె చేతే చెప్పించుకుని, పేరూ ఊరూ తీసేసి చెబుతున్నాం. ఎవరై ఉంటారా అని పక్కవాళ్ల మొహాలు చూడొద్దని మనవి. ఆమె వెళ్లిన కౌన్సెలర్ వేరు, మాకు నేర్పిన మేడమ్ వేరు. గదిలో మాటలు ఆమె తనంతట తాను మాకు చెప్పింది. ఆ మాటల వెనకున్న పద్ధతిని మేడమ్ వివరించారు.

ఆమె మిరపకోతకి పోయిన రోజున ఏడేళ్ల కొడుకు కాలవలో పడి చనిపోయాడు. ఆ రోజు బడికి సెలవు. ఇంటి దగ్గర అత్త ఉంది. దినాలు అయినాయి, చుట్టాలు వెళ్లిపోయారు. ఆ తర్వాత రెండేళ్లు ఆమె రాత్రి రెండింటికి లేచి కూర్చునేది. నీళ్ల చప్పుడు వింటే చేతులు చల్లబడేవి. కాలవ కట్ట మీది దారి వదిలేసి, చుట్టూ తిరిగి చేలోకి పోయేది. గుండెదడ అని ఈసీజీ తీయించుకుంది. కడుపులో మంట అని పరీక్షలు చేయించుకుంది. అన్నీ బాగానే ఉన్నాయన్నారు.

చుట్టుపక్కల వాళ్లందరూ ప్రేమతోనే మాట్లాడారు. "రాసిపెట్టి ఉంది తల్లీ." "ఉన్న పిల్లని చూసుకో." "ఎన్నాళ్లు ఏడుస్తావే." "ఇంకొకణ్ణి కను, వాడే మళ్లీ పుడతాడు." ఒక్క మాటలోనూ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ప్రతి మాటతోనూ ఆమె నోరు మూతపడింది. ఎందుకంటే ఆమె లోపల ఇంకో మాట తిరుగుతోంది. "నాలుగు కూలి డబ్బుల కోసం పోయి నా బిడ్డను నేనే పోగొట్టుకున్నా." ఆ మాట పైకి అనడానికి ఆమెకి చోటు దొరకలేదు. మొగుడితో అంటే ఆయన కుప్పకూలతాడని భయం. అత్తతో అంటే ఆమెని నిందించినట్టవుతుందని భయం. చివరికి ఏఎన్ఎం చెప్పి పంపితే కౌన్సెలర్ దగ్గరకి వెళ్లింది. మొత్తం తొమ్మిదిసార్లు వెళ్లింది.

మొదటి రోజు మొగుడూ వెంట వెళ్లాడు. కౌన్సెలర్ ఆయన్ని మర్యాదగా బయట కూర్చోమన్నారు. తలుపు వేసి ముందుగా గుట్టు గురించి చెప్పారు. "ఇక్కడ మీరు చెప్పింది మీ ఇంట్లోవాళ్లకి గానీ, ఊళ్లోవాళ్లకి గానీ, మీ సంఘంవాళ్లకి గానీ చెప్పను. కానీ మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగల వాళ్లని పిలుస్తాను. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే చట్టం ప్రకారం తెలియజేయాలి. ఆ రెండూ మీకు ముందే చెబుతున్నాను." ఇది మేడమ్ మాకు గట్టిగా చెప్పిన సంగతి. ఎవరికీ చెప్పనని ఊరికే ఒట్టు పెట్టేవాళ్ల కంటే, ఎక్కడ చెప్పాల్సొస్తుందో ముందే చెప్పేవాళ్లని నమ్మొచ్చు. గుట్టు అనేది కౌన్సెలర్ మంచితనం మీద వదిలేసింది కూడా కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం పొందే మనిషికి ఆ హక్కు ఇచ్చింది.

ఆ రోజు ఆమె గుండెదడ గురించే చెప్పింది. కొడుకు మాట ఎత్తలేదు. కాగితంలో రాసి ఉన్నా కౌన్సెలర్ కూడా ఎత్తలేదు. పుండు మీద చెక్కు కట్టక ముందే గీకితే మళ్లీ రక్తం వస్తుంది కదా, మనసుదీ అంతేనన్నారు మేడమ్. అమెరికాలో జుడిత్ హెర్మన్ అనే మానసిక వైద్యురాలు 1992లో రాసిన పుస్తకంలో, పెద్ద దెబ్బ తిన్న మనసు కోలుకోడానికి మూడు దశలు చెప్పారట. ముందు భద్రంగా ఉన్నానన్న ధైర్యం రావాలి. తర్వాత జరిగింది తలుచుకుని దుఃఖపడాలి. ఆ తర్వాత మళ్లీ నలుగురిలో కలవాలి. మొదటిది కాకుండా రెండోదానికి దూకకూడదు. "జరిగిందంతా చెప్పు, బరువు దిగుతుంది" అని మనం బలవంతం చేస్తాం చూడండి, అది అందుకే ప్రమాదం.

అందుకని మొదటి రెండుసార్లూ ఆ దడ వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పారు. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. పీల్చేదానికంటే వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. పాదాలు నేలకి ఆనించి, కళ్లెదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోవడం. గోడ, గడియారం, చెంబు, చీపురు, తలుపు. మనసు ఆ కాలవ గట్టుకి పరిగెత్తినప్పుడు, ఒంటిని ఈ గదిలోకి తెచ్చుకోడానికి ఇది ఉపాయం. ఇందులో మంత్రమేమీ లేదు, ఖర్చూ లేదు. బస్సులో దడ వచ్చినప్పుడు చేశాననీ, పక్క సీటు ఆవిడకి తెలియను కూడా లేదనీ ఆమె మాతో చెప్పింది.

మూడోసారి వెళ్లినప్పుడు ఆమె నోట ఆ మాట వచ్చింది. "నేనే పోగొట్టుకున్నా మేడమ్." ఇక్కడ మనమైతే ఏమంటాం? "అయ్యో, నీ తప్పేముందమ్మా" అంటాం. కౌన్సెలర్ అలా అనలేదు. "రెండేళ్లుగా ఈ మాట ఒక్కరే మోస్తున్నారు. ఎవరికైనా చెబితే వాళ్లూ అదే అంటారేమోనని భయపడ్డారు. అంతేనా?" అన్నారు. ఆమె చాలాసేపు ఏడ్చింది. కౌన్సెలర్ ఏడవొద్దనలేదు. నీళ్ల గ్లాసు అందుబాటులో పెట్టి ఊరుకున్నారు.

ఇలా వినడం కూడా నేర్చుకుంటే వచ్చే విద్యే. కార్ల్ రోజర్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో రాసినదాంట్లో కౌన్సెలర్‌కి ముఖ్యంగా మూడు గుణాలుండాలన్నారు. మన మాటల్లో చెప్పాలంటే, ఎదుటి మనిషి నిలబడ్డ చోట నిలబడి చూడాలి. మంచిదా చెడ్డదా అని తూకం వేయకుండా గౌరవించాలి. పైకొకటి లోపలొకటి లేకుండా ఉండాలి. "అంతా నా మీదే పడింది" అని ఒకామె అంటే, మనం "ఎవరి మీద పడలేదు చెప్పు, మా ఇంట్లో చూడు" అని మన కథ మొదలుపెడతాం. కౌన్సెలర్ "మోసీ మోసీ అలిసిపోయారు, అంతేనా?" అంటారు. ఆ "అంతేనా" ముఖ్యమన్నారు మేడమ్. వాళ్ల మనసు సంగతి మనకి తెలిసిపోయిందని అనుకోకుండా, తప్పయితే దిద్దే హక్కు వాళ్లకే ఇవ్వడం అది.

ఇక ఆ మాట దగ్గరే మూడు వారాలు పని జరిగింది. జరిగిన సంగతి వేరు, దాని గురించి మనం అనుకునేది వేరు, ఆ అనుకోవడం వల్ల పుట్టే బాధ వేరు. ఈ మూటని విప్పి చూసే పద్ధతిని ఆరన్ బెక్ అనే వైద్యుడు 1960లలో మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. కౌన్సెలర్ ఆమెని అడిగింది ఇది. "ఆ రోజు పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మీకేం తెలుసు?"

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. అత్త ఇంట్లో ఉందని తెలుసు. అన్నం వండి మూతపెట్టానని తెలుసు. వాడు వీధిలో పిల్లలతో ఆడుకుంటాడని తెలుసు. అంతకు ముందు ఎప్పుడూ ఒంటరిగా కాలవ వైపు పోలేదు.

"పోతాడని తెలిసి ఉంటే?"

"కోతకి పోయేదాన్నే కాదు."

"ఆ కూలి డబ్బులు దేనికి?"

"వాడి బడి ఫీజుకే మేడమ్."

ఆ తర్వాత ఇద్దరూ ఏమీ మాట్లాడలేదట. కాసేపటికి ఆమే అంది. "సాయంత్రం తెలిసిన సంగతి పట్టుకుని పొద్దున పోయిన మనిషికి శిక్ష వేస్తున్నా." ఆ మాట కౌన్సెలర్ చెప్పింది కాదు, ఆమె సొంత మాట. మొదటి రోజే ఎవరో "నీ తప్పు లేదు" అని ఉంటే, "ఈవిడకేం తెలుసు" అనుకుని ఇంటికి వచ్చేసేదాన్నని ఆమె మాతో చెప్పింది. బయటి నుంచి ఇచ్చిన ఓదార్పు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. తనంతట తాను కనుక్కున్న మాట లోపలికి పోతుంది. ఎదుటివాళ్ల బదులు నిర్ణయం తీసుకోకుండా, వాళ్లే చూసుకునేలా ప్రశ్న అడగడమే కౌన్సెలర్ పని అని మాకు అప్పుడు అర్థమైంది.

తర్వాతసారి కొడుకు వస్తువు ఏదైనా తేవాలనిపిస్తే తెచ్చుకోమన్నారు. గళ్ల చొక్కా తీసుకెళ్లింది. "మీ బాబు ఎట్లాంటివాడు?" అని అడిగారు. చూడండమ్మా, రెండేళ్లలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. ఎట్లా చనిపోయాడని అందరూ అడిగారు. ఎట్లా ఉండేవాడని ఒక్కరూ అడగలేదు. వాడు పచ్చి మామిడికాయ ముక్క ఉప్పుకారంలో అద్దుకుని కళ్లు మూసుకుని తినేవాడని చెప్పింది. ఏబీసీడీలు వెనక నుంచి చెప్పి టీచర్ని ఏడిపించేవాడని చెప్పింది. చెబుతూ చెబుతూ నవ్వింది. నవ్వినందుకు వెంటనే భయపడింది. నవ్వితే వాణ్ణి మర్చిపోయినట్టు కాదని అక్కడ మాట్లాడుకున్నారు.

చివరి మూడుసార్లు బయట బతుకు గురించి. ఒక వారం ఆడపడుచుని తోడు తీసుకుని కాలవ దారిలో వేపచెట్టు దాకా నడిచింది. ఇంకో వారం కల్వర్టు దాకా. సంఘం మీటింగుకి పది నిమిషాలు వచ్చి కూర్చుని వెళ్లింది. ఇవి చిన్న పనుల్లా కనిపిస్తాయి. కానీ దిగులుతో ఉన్న మనిషి మనసు బాగయ్యాక పని చేద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. చిన్న పని మొదలుపెడితే మనసు దాని వెనకాల నడుస్తుంది. గోవాలో డాక్టరు విక్రమ్ పటేల్ బృందం స్థానికులకే శిక్షణ ఇచ్చి, దిగులు జబ్బు ఉన్నవాళ్లకి ఆరు నుంచి ఎనిమిదిసార్లు ఈ పద్ధతిలో కౌన్సెలింగ్ చేయించింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ల కంటే వీళ్లలో ఎక్కువ మంది తేరుకున్నారని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది.

తొమ్మిదోసారి, ముందు రాబోయే కష్టమైన రోజుల జాబితా రాసుకున్నారు. వాడి పుట్టినరోజు. సంక్రాంతి. కాలవలకి నీళ్లు వదిలే రోజు. ఆ రోజుల్లో ఎవరి దగ్గరుండాలి, ఏం చేయాలి అని పక్కన రాసుకున్నారు. అవసరమైతే మళ్లీ రావచ్చని చెప్పి ముగించారు. కౌన్సెలింగ్ ఎప్పటికీ నడిచేది కాదు. ఆ గది అక్కర్లేకుండా చేయడమే దాని పని.

ఆమె బాధ పోయిందని మేం చెప్పం. ఆమె కూడా చెప్పదు. రాత్రిపూట నిద్ర పడుతోంది. కిస్తీ కడుతోంది. మీటింగులో కొడుకు పేరు ఎత్తి మాట్లాడుతోంది. మనం కూడా ఆ పేరు ఎత్తడానికి భయపడొద్దని అడిగింది.

అందరికీ ఇట్లాగే జరుగుతుందనీ అనుకోవద్దు. కొందరికి మాటతో పాటు మందులూ కావాలి. అవి రాయాల్సింది మానసిక వైద్యులు, కౌన్సెలర్ కాదు. లేనివి వినిపిస్తున్నా కనిపిస్తున్నా, కాన్పు తర్వాత బాలింత తిండీ నిద్రా లేక బిడ్డని దగ్గరకి తీసుకోకపోతున్నా ఆలస్యం లేకుండా డాక్టరు దగ్గరకి పంపాలి. ఒక కౌన్సెలర్‌తో మనసు కలవకపోతే ఇంకొకరి దగ్గరకి పోవచ్చు, అందులో తప్పు లేదు. ఇంకో మాట. కౌన్సెలింగ్ అప్పు తీర్చదు. తాగొచ్చి కొట్టే చేతిని ఆపదు. దెబ్బలు తింటున్న ఆడమనిషికి "ఓర్చుకోవడం నేర్చుకో" అని ఎవరైనా చెబితే అది కౌన్సెలింగ్ కాదు. ఆమెకి ముందు కావాల్సింది రక్షణ. దానికి 181 నంబరు ఉంది, జిల్లాలో వన్ స్టాప్ సెంటర్ ఉంది.

ఒక గ్రామ సమాఖ్యలో పెద్దావిడ ఒకరు మమ్మల్ని నిలదీశారు. "మా అమ్మలు ఏ కౌన్సెలింగ్‌కి పోయారే? బతకలేదా?" అని. మంచి ప్రశ్న. వాళ్లకి నాట్లలో పక్కపక్కన వంగి పాడుకునే పాట ఉంది. బావి దగ్గర చెప్పుకునే మాట ఉంది. చావింట్లో పది మందీ కలిసి శోకాలు పెట్టే ఆచారం ఉంది. ఇప్పుడు ఇంటింటికీ కుళాయి, ఇంటింటికీ ఫోను. సుఖమే, కాదనం. కానీ చెప్పుకునే చోట్లు తగ్గిపోయాయి. ఆ కాలంలో కూడా చెప్పుకోలేని మాటని కాటిదాకా మోసుకెళ్లిన అమ్మలు ఎంతమందో మనకి లెక్క తెలియదు.

ఇది పట్నం వాళ్ల వ్యవహారం అనుకునేవాళ్ల కోసం జింబాబ్వే దేశం సంగతి చెబుతాం. ఆఫ్రికా ఖండంలో మనకంటే బీద దేశం అది. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఉన్నారు. ఆయన దగ్గర వైద్యం పొందుతున్న ఒక యువతి ఆసుపత్రికి రావాల్సిన సమయానికి రాలేకపోయింది, ప్రాణం తీసుకుంది. ఎందుకు రాలేదంటే బస్సు చార్జీకి డబ్బుల్లేక. ఆ దెబ్బతో ఆయన 2006లో హరారే నగరంలో 14 మంది అవ్వలకి శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బెంచీ మీద కూర్చోబెట్టారు. దాన్ని స్నేహపు బెంచీ అంటారు. వాళ్ల భాషలో దిగులు జబ్బుకి ఉన్న మాటకి అర్థం "అతిగా ఆలోచించడం". మనం "ఆలోచనలు ఎక్కువైనాయి" అనమూ? అట్లాగే. అవ్వ వింటుంది. సమస్యల్లో ముందు దేన్ని పట్టుకుందామో వచ్చినామె చేతే ఎంచుకునేలా చేస్తుంది. ఆరుసార్ల దాకా కూర్చుంటారు. 24 ఆరోగ్య కేంద్రాల్లో 573 మందితో చేసిన పరిశీలన 2016లో వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే, బెంచీ మీద కూర్చున్నవాళ్లలో నూటికి సుమారు 14 మందిలో దిగులు లక్షణాలు మిగిలాయి. మామూలు వైద్యం అందినవాళ్లలో నూటికి 50 మందిలో మిగిలాయి. ఆ తర్వాత వాళ్లలో కొందరు గుంపుగా కలిసి, పారేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లి అమ్ముకున్నారు. అంటే వాళ్లు బెంచీ నుంచి సంఘానికి వచ్చారు. మనకి సంఘం ముందే ఉంది. బెంచీ లేదు.

ఆ అవ్వలకి శిక్షణ ఉంది, వెనకాల డాక్టర్లున్నారు. మనకి అంత శిక్షణ లేదు కాబట్టి మనం కౌన్సెలింగ్ చేయబోవద్దు. ఆ గది దాకా దారి మాత్రం మనం కాగలం. మన సంఘాలకి పంచసూత్రాలు ఉన్నట్టే, మా కమిటీ దీనికీ ఐదు సూత్రాలు రాసుకుంది.

ఒకటి. కిస్తీ ఆగినా మీటింగుకి రాకపోయినా పది మందిలో అడగొద్దు. ఒకరు ఇంటికెళ్లి, ముందు మనిషిని అడిగి తర్వాత డబ్బు అడగాలి. నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే ఊరుకోవద్దు.

రెండు. ఆమె చెబుతున్నప్పుడు మన కథ, మన సలహా పక్కన పెట్టాలి. "నీకు ఏం చేస్తే సాయంగా ఉంటుంది?" అని అడగాలి.

మూడు. విన్న మాట తీర్మానాల పుస్తకంలోకి ఎక్కకూడదు. వీఓఏ ఫోనులోకి ఎక్కకూడదు. మన ఇంట్లో మగవాళ్ల చెవిలో కూడా పడకూడదు.

నాలుగు. "చచ్చిపోవాలని ఉంది" అన్న మాట వింటే దాటేయొద్దు. "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, అడిగేవాళ్లు దొరికారన్న ధైర్యం వస్తుంది. ఆమెని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు తాళం వేసే చోటికి మార్చించాలి. 14416కి ఫోన్ చేయాలి. అది టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదకి వస్తే ఫోనుతో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పోలీసు కేసవుతుందని దాచొద్దు. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ 2017 చట్టం చెబుతోంది.

ఐదు. "పోయిరా అమ్మా" అని చెప్పి ఊరుకోవద్దు. ఆమె సరేనంటే మొదటిసారి ఒకరం తోడు వెళ్లాలి. గది బయట కూర్చోవాలి. బయటికొచ్చాక "ఏమన్నారు?" అని అడగకూడదు. టీ తాగుదామా అని అడగాలి.

ఇప్పుడు ఈ మహాసభ ముందు మా కమిటీ మూడు కోరికలు పెడుతోంది. మొదటిది, ప్రతి సభ్యురాలి పాస్‌బుక్ అట్ట మీద 14416, 181 నంబర్లు ముద్రించాలి. రెండోది, గ్రామ సమాఖ్యకి ఇద్దరు చొప్పున, నోరు కట్టుకోగలిగిన వాళ్లని ఎంచి శిక్షణకి పంపాలి. మూడోది, కౌన్సెలర్ దగ్గరకి వెళ్లే సభ్యురాలికి రానుపోను చార్జీలు సమాఖ్య నిధి నుంచి ఇవ్వాలి. ఆ ఖర్చు ఎవరి పేరు మీదో రాయకుండా "ఆరోగ్య ప్రయాణం" అని ఒకే పద్దు కింద రాయాలి. బస్సు ఉచితమున్న చోట కూడా ఆటో ఉంటుంది, పోయిన కూలి ఉంటుంది. హరారేలో ఒక ప్రాణం బస్సు చార్జీ దగ్గర ఆగిపోయింది. అంత చిన్న మొత్తం దగ్గర మన మండలంలో ఎవరూ ఆగిపోకూడదు.

ఈ మూడింటి మీద మధ్యాహ్నం చర్చ ఉంది. ఒప్పుకోనివాళ్లు లేచి చెప్పండి. మేం సలహాలివ్వకుండా వింటాం. అంతవరకూ మనం నేర్చుకుంటున్నాం మరి.